నేల రాలిన పిల్ల

మా యింటి పెరటిలో మల్లెపందిరి యొకటి కలదు. 2024 వ సంవత్సరము వైశాఖమాసమున, బడికి సెలవులిచ్చిన దినములలో, ఆ పందిరిలో పిగిలిపిట్టల జంట గూడు కట్టెను. సన్నని పుల్లలతోను వేళ్ళపీచుతోను అల్లిన చిన్న దొప్పవంటి గూడది. నల్లని తలయు, తలపై చిన్న కుచ్చును, తోకక్రింద కుంకుమ పూసినట్టి యెఱుపును గల యీ పిట్టను మన పల్లెలలోగాని పట్టణములలోగాని ఎరుగనివారుండరు. మేము కిటికీయొద్ద కూర్చుండి వ్రాసికొనుచు, మధ్యమధ్య తలయెత్తి దాని రాకపోకలను చూచుచుంటిమి. నోట పురుగులు కరచుకొని వచ్చుటనుబట్టి పిల్లలు పుట్టినవని తెలిసికొంటిమి.

ఒకనాటి యుదయమున మా చిన్నకుమార్తె పెరటిలోనుండి కేక వేసెను. "నాన్నగారూ! పిట్టపిల్ల పడిపోయింది!" మేము కలము పెట్టి పరుగెత్తిపోతిమి. పందిరిగుంజ మొదట, రాలిన మల్లెపూవుల నడుమ, పిడికెడంత పిల్ల యొకటి కూర్చుండియుండెను. ఒంటినిండ ఈకలు వచ్చినవి కాని, తోక యింకను అంగుళమునకు మించలేదు. నోటి చివరల లేతరంగు మెత్తని యంచు తల్లివద్ద తిండి యడుగు వయస్సును తెలుపుచుండెను. అది యేడ్చుట లేదు, పారిపోవుట లేదు. మమ్ము చూచి కన్ను మూయకుండ కూర్చున్నది.

క్షణములో ఇల్లంతయు పెరటిలో చేరినది. మా గృహిణి పాలలో ముంచిన దూదివత్తితో వచ్చెను. ప్రక్కయింటివారు చక్కెరనీళ్ళు పోయుమనిరి. మా కుమారుడు అటకమీది పాత చిలుకపంజరము జ్ఞాపకము చేసెను. మా తల్లిగారు మాత్రము గడపదాటక నిలిచి, "ముట్టుకోకండర్రా! మనిషి చెయ్యి తగిలిన పిల్లని తల్లి మళ్ళీ దగ్గరికి రానివ్వదు. వెలేస్తుంది" అనిరి.

అప్పటికే పిల్ల మా చిన్నదాని యరచేతిలో నుండెను. ఆ మాట విని దాని మొగము పాలిపోయెను. "నేను ముట్టుకున్నానుగా నాన్నగారూ. ఇంక వాళ్ళమ్మ రాదా?"

ఆ ప్రశ్నకు మేము వెంటనే ప్రత్యుత్తరము చెప్పలేకపోతిమి. అందులకు కారణములు రెండు. మొదటిది ఇప్పుడే చెప్పుదుము. రెండవది చెప్పుటకు కొంత ధైర్యము కావలెను గనుక, దానిని చివరకు నిలుపుకొందుము.

మాకు తొమ్మిదేండ్ల వయస్సున, తాతగారి పెంకుటింటి చూరునుండి పిచ్చుకపిల్ల యొకటి నేలబడినది. ఈకలు మొలవని యెఱ్ఱని మాంసపుముద్ద, కన్నులు తెరవలేదు. మేము దానిని అగ్గిపెట్టెలో దూదిపై పరుండబెట్టి, రాత్రియంతయు నిద్రమాని, వత్తితో పాలు పిండితిమి. నోరు తెరచినప్పుడెల్ల నీటిచుక్క వేసితిమి. తెల్లవారునప్పటికి దాని మెడ వాలిపోయెను. తాతగారు మమ్మొడిలోనికి తీసికొని, "దాని ఆయువు అంతే నాయనా" అనిరి. ఆ మాట మాకెంతయో యూరట నిచ్చినది. ముప్పదియేండ్లు ఆ యూరటతోనే బ్రదికితిమి.

2019 లో మా విద్యార్థి యొకడు గోరువంకపిల్లను చొక్కాజేబులో బెట్టుకొని తరగతికి వచ్చెను. ఏమి చేయవలెనని మమ్మడిగెను. కాళిదాసునుగూర్చి గంటసేపు చెప్పగల మేము ఆ చిన్న ప్రశ్నకు నీళ్ళు నమలితిమి. సిగ్గుపడి, వానిని వెంటబెట్టుకొని పశువుల ఆసుపత్రికి పోతిమి. అచ్చటి వైద్యుడు ఓపికతో చెప్పిన సంగతులు వినుచుండగా మా తొమ్మిదవయేటి పిచ్చుక మాకు రెండవమారు చచ్చినట్లయ్యెను. పక్షికి నాలుక మొదటనే ఊపిరిగొట్టపు ద్వారముండునట. బలవంతముగా నోట పోసిన నీరు తిన్నగా ఊపిరితిత్తులలోనికి దిగునట. పక్షి పాలు త్రాగి పెరుగు జాతి కాదు; ఆవుపాలలోని చక్కెరను జీర్ణము చేసికొను శక్తి దానికి లేదు. అనగా మేము పిచ్చుకను రాత్రియంతయు కాపాడలేదు. రాత్రియంతయు ముంచి చంపితిమి. మా యజ్ఞానమునకు తాతగారు ప్రేమతో ఆయువని పేరుపెట్టిరి.

ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం ఆలీగారు బాల్యమున చిన్న తుపాకితో ఒక పిచ్చుకను కొట్టి, అది సామాన్యపు పిచ్చుకవలె లేకుండుట చూచి, దాని పేరు తెలిసికొనగోరి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయిరి. ఆ పిచ్చుకయే వారి జీవితమును మరలించినది. 1985 లో వెలువడిన తమ స్వీయచరిత్రకు వారు దాని పతనముననుసరించియే పేరు పెట్టుకొనిరి. హైదరాబాదు సంస్థానములోని పక్షులను 1931-32 సంవత్సరములలో పరిశీలించినదియు వారే. ఒక బాలుడు తన చేత చచ్చిన పిట్టనుగూర్చి ప్రశ్న వేసికొనెను. మేము ఊరట వెదకికొంటిమి. భేదమంతయు అచ్చటనే యున్నది.

ఆనాడు వైద్యునివలన విన్నదియు, తరువాత చదివి తెలిసికొన్నదియు చదువరుల గృహములలో ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము. నేలమీద కనబడు పక్షిపిల్లలు రెండు విధములు. ఒంటిపై ఈకలు లేక, కన్నులు తెరవక, కాళ్ళపై నిలువలేకయున్నది గూటిపిల్ల. అది నిజముగా పడిపోయినదే. గూడు కనబడి, చేయి అందినచో దానిని మెల్లగా ఎత్తి అందులోనే పెట్టవలెను. గూడు గాలికి చెదరిపోయినచో, అడుగున నీరు కారిపోవు చిన్న బుట్టలో ఎండుగడ్డి పరచి, ఆ చెట్టునకే, నీడపట్టున కట్టి, అందు పిల్లనుంచి దూరముగా తొలగవలెను.

ఈకలు వచ్చి, తోక పొట్టిగానుండి, గెంతుచు, వ్రేలు చాపిన గట్టిగా పట్టుకొని నిలువగలిగినది రెండవ విధము. ఇది పడిపోయిన పిల్ల కాదు, దిగివచ్చిన పిల్ల. పిగిలిపిట్ట పిల్లలు పుట్టిన రెండు వారములలోపుననే, బాగుగా ఎగురనేర్వకముందే, తమంతట తామే గూడు విడుచును. కొన్నిదినములు పొదలలోను నేలమీదను గెంతుచు రెక్కలకు బలము తెచ్చుకొనును. తలిదండ్రులు దానిని విడువవు. అది యెచ్చటనున్న నచ్చటికే తిండి తెచ్చిపెట్టును. మనకది దిక్కులేనిదిగా కనబడుటకు కారణము, మనము దగ్గర నిలిచినంతవరకు అవి దిగిరాకుండుటయే. కావున పిల్లి కుక్కలను కట్టివేయుట, పిల్ల దారిలోనున్నచో దగ్గరి పొదలోనికి చేర్చుట, దూరమునుండి గంటయో రెండుగంటలో చూచుట - ఇంతకంటె మనము చేయవలసినది లేదు.

నెత్తురు కారుచున్నను, రెక్క వ్రేలాడుచున్నను, పిల్లినోట పడి విడిపించుకొన్నను ఊరకుండరాదు. పిల్లిపంటి గాటు కంటికి కనబడకపోయినను దాని విషక్రిములు పక్షిని త్వరలోనే చంపగలవు. అట్టిదానిని గాలిరంధ్రములు చేసిన అట్టపెట్టెలో మెత్తని గుడ్డపైనుంచి, మూతపెట్టి, వెచ్చగా, చీకటిగా, నిశ్శబ్దముగా ఉంచవలెను. తిండి పెట్టరాదు, నోట నీరు పోయరాదు. వెంటనే పశువైద్యునికడకో, అటవీశాఖవారికడకో చేర్చవలెను. మన అడవిపక్షులను పంజరమున పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. మన యిండ్లలో ముద్దుగా పెంచుకొను రామచిలుకకును ఈ చట్టము వర్తించును. ఈ సంగతి తెలిసినది మొదలు మా యటకమీది పంజరమును ఉల్లిపాయలు పోసికొనుటకు మాత్రమే దించుచున్నాము.

భద్రమైన చోటని మనము చూపునది పిల్లకు భద్రము కాకపోవచ్చును. ఖాండవదహన సమయమున జరిత యను శార్ఙ్గకపక్షి కథ ఆదిపర్వమున కలదు. రెక్కలురాని నలుగురు పిల్లలు, చుట్టును మంట. తల్లి వారిని ఎలుకకన్నములో దూరుడు, పైన మన్ను కప్పెదనని వేడినది. ఆ పిల్లలు ఒప్పుకొనలేదు. లోపలనున్న యెలుకకంటె కనబడుచున్న మంటయే మేలనిరి. నీవెగిరిపొమ్మని తల్లికే ధైర్యము చెప్పిరి. తుదకు అగ్నిదేవుడు వారిని విడిచిపెట్టెను. మా విద్యార్థులకు ఈ కథ చెప్పినప్పుడెల్ల వారు పిల్లల పక్షమే వహింతురు. మేము తల్లి పక్షమున మాటాడుచుందుము. కన్నము వెదకుట పెద్దల యలవాటు కాబోలు.

ఇక ముట్టిన సంగతి. మనుష్యుడు ముట్టినంతమాత్రమున తల్లిపక్షి పిల్లను విడుచుననుట నిజము కాదు. గూడుకట్టి, గ్రుడ్లు పొదిగి, తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు మేత మోసి పెంచిన పిల్లను చేతివాసనకై అది పారవేయదు. పక్షిశాస్త్రజ్ఞులు అనేక దేశములలో గూటిపిల్లలను చేతబట్టి, తూచి, కాళ్ళకు చిన్న కడియములు తొడిగి మరల గూళ్ళలో పెట్టుచున్నారు. తలిదండ్రులు ఆ కడియముల కాళ్ళతోనే వానిని పెంచుచున్నవి. పదేపదే గూటియొద్ద అలజడి చేసినచో, ముఖ్యముగా గ్రుడ్లున్నప్పుడు, భయపడి గూడు విడుచుట కలదు. అది భయము, మైల కాదు.

మరి యీ నమ్మకము మనకెక్కడనుండి వచ్చినది? మాకు తోచినది చెప్పుదుము. ముట్టుకొన్నవారిని దూరముంచుట, దూరమైనవారిని వెలివేయుట మనము తరతరములుగా చేసిన పని. మన నడవడినే చెట్టుమీదికెక్కించి, పక్షులకు అంటగట్టితిమి. మన పురాణములు మాత్రము పక్షులను అట్లు నిందింపలేదు. మాలినీతీరమున తల్లి విడిచిపోయిన పసికందును శకుంతములు చుట్టునుజేరి కాచినవి. అందుచేతనే కణ్వమహర్షి ఆ బిడ్డకు శకుంతల యని పేరు పెట్టెను. మనిషిబిడ్డను పక్షులు మైలయని తొలగలేదు. ఆ బిడ్డ పెరిగి పెద్దదై, కుమారునితో వచ్చి సభలో నిలిచినప్పుడు, ఎరుగనన్నవాడు మనిషియే.

ఆనాటి యుదయము ఇంతయు చెప్పుటకు వ్యవధి లేదు. మేము మా చిన్నదానితో, "వాళ్ళమ్మ వస్తుందో రాదో మనం చూద్దాం" అని మాత్రమంటిమి. పిల్లను పందిరిప్రక్క గోరింటపొదలో వంగిన కొమ్మపై కూర్చుండబెట్టించి, అందరిని లోపలికి పంపి, తలుపు మూయించితిమి. కిటికీయొద్ద మా చిన్నది, మేము, కొంత వెనుకగా కుర్చీలో మా తల్లిగారు. పావుగంట గడచినది, ఏమియు రాలేదు. అరగంట గడచినది. మా చిన్నదాని చేతులు ఒడిలో ముడుచుకొని యుండెను, మరల దేనిని ముట్టరాదనునట్లు. గోడమీద ఒక పిగిలిపిట్ట వ్రాలి, అటునిటు చూచి, కీచుమని యెగిరిపోయెను. మరల వచ్చెను. మూడవసారి వచ్చినప్పుడు దాని నోట ఆకుపచ్చని గొంగళిపురుగు వ్రేలాడుచుండెను. పొదలోని పిల్ల రెక్కలు వణకించుచు నోరు తెరచెను. తల్లి ఆ పురుగును దాని గొంతులో క్రుక్కి, ముక్కును కొమ్మకు తుడిచికొని, మరల మేతకు పోయెను.

మా చిన్నది ఏమియు అనక మా భుజముపై మొగము దాచుకొన్నది. మా తల్లిగారు కుర్చీలోనుండి లేచి, కిటికీ దగ్గరకు వచ్చి, చాలసేపు నిలిచి చూచిరి.

ఇక మేము నిలుపుకొన్న రెండవ కారణము. మాకొక చెల్లెలు కలదు. మా తండ్రిగారు పోయిన మూడేండ్లకు, 2011 లో, ఆమె తనతో చదివిన యువకుని, వేరు కులమువానిని, వివాహమాడినది. ఆ మాట విన్ననాడు మా బంధువులందరును ఒకే మాట యనిరి: పిల్ల పడిపోయినదని. మేమును అట్లే అనుకొంటిమి. చదువు ముగించి, ఉద్యోగము చేసికొని, తన యిష్టముతో గూడు విడిచిన పిల్ల అది, పడిపోలేదు. ఆ యేడు సంక్రాంతికి ముందు ఆమె మాకు ఫోను చేసి, "అన్నయ్యా, పండక్కి రమ్మంటావా?" అని యడిగినది. మేము, "అమ్మ ఒప్పుకోదమ్మా" అంటిమి. ఆమె మరల అడుగలేదు. తరువాత మేమే అప్పుడప్పుడు రహస్యముగా మాటాడుచు, బిడ్డకు పుట్టినరోజున డబ్బు పంపుచు, అన్నధర్మము నెరవేర్చుచున్నామని సంతోషించుచుంటిమి. 1881 డిసెంబరు 11 న కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున జరిపించిన తొలి వితంతువివాహమునుగూర్చి ప్రతియేటను తరగతిలో గొంతెత్తి చెప్పుదుము. ఆచారపు సంకెళ్ళనుగూర్చి పత్రికలకు వ్రాయుదుము. కాని మా తల్లిగారు ఒప్పుకొందురో లేదో, ఆ పదుమూడేండ్లలో ఒక్కసారియైన వారిని అడిగియుండలేదు. మాకు బంధువుల మాట భయము. ఆ భయమునకు తల్లి పేరు పెట్టితిమి.

"ఇంక వాళ్ళమ్మ రాదా?" అని మా చిన్నది యడిగినప్పుడు మాకు నోట మాట రాకపోవుటకు ఇదియే కారణము. రాదని మేమదివరకే ఒకరితో చెప్పియుంటిమి.

ఆ రాత్రి భోజనములైన తరువాత మా తల్లిగారు అరుగుమీద కూర్చుండి, మావంక చూడకయే, "ఆ చిన్నదానికి ఎంతమందిరా పిల్లలు?" అనిరి. మేము పిట్టనుగూర్చి యడుగుచున్నారనుకొని, "ఒకటే కనబడిందమ్మా" అంటిమి. వారు కొంచెముసేపు ఊరకుండి, "పిట్ట కాదురా. మన చిన్నది" అనిరి. పదుమూడేండ్లలో ఆ యింట ఆ పిలుపు వినబడుట అదియే మొదలు. ఒక కొడుకనియు, మూడవ తరగతి చదువుచున్నాడనియు చెప్పితిమి. "నీకు తెలుసన్నమాట" అనిరి. తరువాత, "ఇంటికి పెద్దవాడివి. నువ్వు దాని పేరెత్తకపోతే, నీకిష్టం లేదనుకున్నాను" అనిరి.

మేమప్పుడు నిజము చెప్పితిమి. సంక్రాంతినాటి ఫోనుమాట, మేము చెప్పిన యబద్ధము, అంతయు. వారు మమ్ము తిట్టలేదు. తిట్టినచో తేలికగా నుండెడిది. లేచి లోపలికిపోవుచు, "అడగాల్సింది నన్ను కదరా" అని మాత్రమనిరి.

పిగిలిపిల్ల మరి మూడుదినములు గోరింటపొదలోను మల్లెపందిరిమీదను గెంతి, నాలుగవనాడు గోడదాటి ప్రక్కవారి జామచెట్టుపైకి ఎగిరిపోయెను. మా చెల్లెలు శ్రావణమాసములో భర్తతోను కొడుకుతోను వచ్చినది. గుమ్మములో నిలిచి లోపలికి రావచ్చునా యని మావంకయే చూచినది. మా తల్లిగారు చేతిలోని గరిటె దించక వంటయింటిలోనుండి వచ్చి, "ఎండన పడి వచ్చారు, ముందు కాళ్ళు కడుక్కుని అన్నాలకు కూర్చోండి" అనిరి. అల్లునికిని మనుమనికిని ప్రక్కప్రక్కనే ఆకులు వేసి, తామే వడ్డించిరి. వచ్చిన బంధువులు వచ్చిరి, రానివారు రాలేదు. మేము పదుమూడేండ్లు భయపడినదాని కొలత అంతమాత్రమే. మా చెల్లెలు మమ్మింకను పూర్తిగా క్షమింపలేదు. అది న్యాయమే, పదుమూడు సంక్రాంతులు మేము తిరిగి యీయగలవి కావు.

చదువరులారా! ఎండకాలమున మీ పెరటిలోనో వీథిలోనో పక్షిపిల్ల నేలమీద కనబడవచ్చును. పాలును దూదియు తేబోకుడు, పంజరము దింపబోకుడు. అది పడినదో, దిగినదో ముందుగా చూడుడు. తల్లి రాదని మీరే చెప్పివేయక, కొంచెము దూరముగా తొలగి, ఆమె వచ్చుటకు చోటిండు.